చిన్న కెమేరా, పెద్ద అంకె

పిల్లలూ! సెలవులకు ఊరు వెళ్ళేటప్పుడు చేతిలో చిన్న కెమేరా ఉంటే బాగుండునని మీలో చాలామందికి ఉంటుంది. ఖరీదయినది కొనమంటే నాన్నగారు ఒప్పుకోరు. మరి చవకవాటిలో ఏది మంచిది? ఒకదాని మీద 16 మెగాపిక్సెళ్ళు అనీ, ఇంకొకదాని మీద 20 అనీ రాసి ఉంటుంది. 20 అన్నదే మేలని మీరు చటుక్కున అంటారు. కొంచెం ఆగండి. లెక్క వేసి చూద్దాం.

డిజిటల్ కెమేరాలో ఫిలిము ఉండదు. దానికి బదులు సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. దాని మీద పడిన వెలుతురు చుక్కలు చుక్కలుగా నమోదవుతుంది. పది లక్షల చుక్కలను ఒక మెగాపిక్సెల్ అంటారు. 1975లో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమేరాలో ఉన్నవి 10,000 చుక్కలే! ఒక్క బొమ్మ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకండ్లు పట్టేది.

ఇప్పుడు మూడు చవక కెమేరాలను పోల్చి చూద్దాం. సోనీ డబ్ల్యు 830 అనేది 2014లోనూ, నికాన్ కూల్‌పిక్స్ ఎ 10 అనేది 2016లోనూ, కెనాన్ ఇక్సస్ 185 అనేది 2017లోనూ వచ్చాయి. నికాన్‌కు 16 మెగాపిక్సెళ్ళు. మిగిలిన రెంటికీ 20. కాని నికాన్ బొమ్మలో అడ్డంగా 4,608 చుక్కలుంటే, సోనీ బొమ్మలో 5,152 ఉంటాయి. అంటే పెరిగింది నూటికి సుమారు 12 మాత్రమే!

అసలు మనకు ఎన్ని చుక్కలు కావాలి? 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు గల ఫోటో అచ్చు వేయించాలనుకోండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 1,800ని 1,200తో గుణిస్తే 21,60,000 వస్తుంది. రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు. 16 ఉన్న కెమేరా దీనికి చాలదా?

ఇంకొక సంగతి. ఈ మూడింటిలోనూ సెన్సర్ ఒకే కొలత. వెడల్పు 6 మిల్లీమీటర్ల పైన కొద్దిగా ఉంటుంది. చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. ఒకే పొలాన్ని ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్నా, పదిమంది పంచుకున్నా పొలం పెరగదు. ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. అలాగే చుక్కలు ఎక్కువయితే ఒక్కొక్క చుక్కకు అందే వెలుతురు తగ్గుతుంది. అందుకే సాయంత్రం వసారాలో తీసిన ఫోటోలో ఇసుక చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. ఈ విషయంలో మూడూ ఇంచుమించు ఒకటే.

మరి తేడా ఎక్కడుంది? దూరపు వస్తువును దగ్గరకు తెచ్చి చూపే జూములో ఉంది. నికాన్‌కు 5 రెట్లు, మిగిలిన రెంటికి 8 రెట్లు. ఇది లెన్సు నిజంగా ముందుకూ వెనక్కూ జరిగి చేసే పని. డిజిటల్ జూము అనేది వేరే ఉన్నది. అది బొమ్మలో నడిమి ముక్కను కత్తిరించి సాగదీస్తుంది, అంతే. దానితో రెండు రెట్లు పెద్దది చేస్తే 16 మెగాపిక్సెళ్ళలో మిగిలేవి నాలుగే! కనుక ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

నికాన్‌కు ఇంకొక సుగుణం ఉంది. గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లులు రెండు వేస్తే పనిచేస్తుంది. మిగిలిన రెంటికీ వాటి బ్యాటరీలే కావాలి. ఒకరు వాడి అమ్మినది కొనేటప్పుడు ఆ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూసుకోవాలి. తెల్లగోడను ఫోటో తీసి, మచ్చలున్నాయేమో కూడా చూడండి. లెన్సు బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి సాఫీగా పోవాలి.

ఇంట్లో మంచి ఫోను ఉంటే కొనకముందు ఒక పరీక్ష చేయండి. గోడకు కాలెండరు తగిలించి, పది అడుగుల దూరం నుంచి ఫోనుతోనూ, కెమేరా జూముతోనూ ఫోటోలు తీయండి. రెంటిలోనూ తారీఖులు ఒకేలా స్పష్టంగా కనిపిస్తే, ఆ డబ్బు నాన్నగారి జేబులోనే ఉండనివ్వండి.