అల్లం మడికి ఆకే దుప్పటి

జహీరాబాదు, కోహిర్, ఝరాసంగం ప్రాంతాల ఎర్రనేలల్లో అల్లం వేసే రైతుకు విత్తనమే పెద్ద ఖర్చు. ఎకరానికి 6, 7 క్వింటాళ్ల దుంప నాటాలి. ఎనిమిది, తొమ్మిది నెలలు పంటను కాచుకోవాలి. అంత పెట్టుబడి పెట్టిన మడిని ఎండకు, వానకు వదిలేసి, పక్క పొలంలో చెరకు నరికిన తర్వాత మిగిలిన ఆకును తగలబెట్టుకోవడం ఏమి న్యాయం?

నాటిన వెంటనే మడిపై ఆకు పరిస్తే నేల చల్లగా ఉంటుంది. తడి త్వరగా ఆరదు. మొలక బాగా వస్తుంది. జడివానకు మట్టి కొట్టుకుపోదు. తర్వాత ఆ ఆకే చివికి ఎరువవుతుంది. కేరళలో కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ చెబుతున్నదీ ఇదే. నాటిన రోజున ఎకరానికి 4 నుంచి 5 టన్నుల పచ్చి ఆకు, తిరిగి 40వ రోజున, 90వ రోజున కలుపు తీసి ఎరువు వేసిన పిమ్మట 2, 3 టన్నుల చొప్పున కప్పాలి.

"గంత ఆకు యాడ దొరుకుతది? మోసేటోళ్లెవరు?" అని రైతులు అడుగుతున్నారు. అందులో నిజం లేకపోలేదు. ఊళ్లలోని పడుచువాళ్లు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు పోతున్నారు. కూలీలు దొరకడం కష్టమే. అయితే ఆకు కప్పిన మడిలో కలుపు తగ్గి, ఆ కూలి మిగులుతుందన్నది కూడా లెక్క వేసుకోవాలి. ఇక ఆకు సంగతి. చెరకు నరికే పని ముగిసిన తర్వాతనే అల్లం నాటే అదను వస్తుంది. పచ్చి ఆకు చాలని చోట, తగలబెట్టే ఆ చెరకు ఆకునే పోగుచేసి ఉంచుకోవచ్చు. వేప, కానుగ కొమ్మలు ఉండనే ఉన్నాయి. పొలం గట్లపై గ్లైరిసిడియా పెంచి రొట్ట కోసుకోవచ్చునని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రైతులకు చేసి చూపింది.

ఒక హెచ్చరిక. ఆకు కప్పితే దుంపకుళ్లు రాదని ఎవరూ భ్రమపడరాదు. నీరు నిలిచే మడిలో ఆకు వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ముందు ఎత్తు మడులు, మురుగు కాలువలు చేసుకోవాలి. తర్వాతే ఆకు. కుళ్లు వచ్చిన తోటలోని చెత్తను మడిలోకి తేరాదు. చెదలున్న చోట ఎండుటాకు కన్నా వేప, కానుగ రొట్ట మేలు.

గట్లపై మొక్కలు పెట్టించే పనిని గ్రామ పంచాయతీలు, ఉద్యానశాఖ వారు కలిసి చేపట్టాలి. నారు మొక్కలు వానలకు ముందే రైతుకు అందాలి. అందాకా రైతు సోదరులు ఆగనక్కరలేదు. ఈ ఏడు నాలుగు మడులకు ఆకు కప్పి, నాలుగు మడులు వదిలి చూడండి. దుంప తవ్విన రోజున వేర్వేరుగా తూచి, తేడా మీరే చూసుకోండి.