ముందు శిష్యుడు, తర్వాతే ట్యాగ్

చైనా ఛాయాబొమ్మలాటకు 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది, టర్కీ కారాగోజ్‌కు అంతకు రెండేళ్ల ముందే వచ్చింది, మన తోలుబొమ్మలాటకు ఇంకెప్పుడు? కొన్నేళ్లుగా సభల్లోనూ పత్రికల్లోనూ ఇదే ప్రశ్న. దానికి తోడు జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగులు, ఒక జిల్లా ఒక ఉత్పత్తి, ఎగుమతుల మేళాలు, అంతర్జాతీయ ఉత్సవాలు. ప్రభుత్వాల సాంస్కృతిక విధానం అంతా వీటి చుట్టూనే తిరుగుతోంది. ప్రపంచం గుర్తిస్తే కళ దానంతటదే బతుకుతుందన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకమే తప్పు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడికి నెలనెలా జీతం ఇచ్చినచోట కళ నిలిచింది. ఇవ్వనిచోట ఎన్ని గుర్తింపు పత్రాలు తెచ్చినా నిలవలేదు.

యునెస్కో పేరెత్తేవారు జపాన్ బున్రాకు బొమ్మలాటను తప్పకుండా ఉదాహరిస్తారు. ఆ కథలో వారు వదిలేసే సంగతి ఒకటుంది. బున్రాకును మానవాళి వారసత్వంగా యునెస్కో ప్రకటించింది 2003లో. జపాన్ జాతీయ నాటకశాల బున్రాకు శిక్షణ మొదలుపెట్టింది 1972లో. అంటే గుర్తింపు కంటే 31 ఏళ్లు ముందే శిష్యులు వచ్చారు. రెండేళ్ల శిక్షణ, ఫీజు లేదు, కళాకారుల ఇంట పుట్టి ఉండాలన్న నియమమూ లేదు. ఈ రోజు బున్రాకు వేదిక మీదున్నవారిలో సగం మందికి పైగా ఆ శిక్షణ నుంచి వచ్చినవారే. ఒక్క బొమ్మను ముగ్గురు కలిసి ఆడించాలి: కాళ్లకు ఒకరు, ఎడమ చేతికి ఒకరు, తలకూ కుడి చేతికీ ఒకరు. కాళ్లు ఆడించడంలో కుదురుకోవడానికే పదేళ్లు పడుతుందని అక్కడివారు చెబుతారు. అన్నేళ్లు ఓపిక పట్టాలంటే కడుపు నిండాలని జపాన్ ప్రభుత్వానికి తెలుసు. సాంస్కృతిక సంపద రక్షణకు ఆ దేశం 1950లోనే చట్టం చేసింది. సజీవ జాతీయ నిధులుగా గుర్తించిన కళాకారులకు ఏటా 20 లక్షల యెన్లు ఇస్తోంది. మన డబ్బుల్లో పది లక్షల రూపాయలకు పైనే. అది సన్మానం కింద ఇచ్చే సొమ్ము కాదు. విద్యకు పదును పెట్టుకుని, తర్వాతి తరానికి నేర్పాలన్న బాధ్యతతో ఇచ్చేది. దక్షిణ కొరియా కూడా 1962లో ఇలాంటి చట్టమే చేసింది.

ఇప్పుడు ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు రండి. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు ఇటునుంచి అటు కనిపించేంత పలచన చేసి, ఉలితో సన్నని చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. ఆ పనితనానికి జీఐ గుర్తింపు ఉంది. ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. అయితే ఆ ఇళ్లలో తయారవుతున్నవాటిలో ఇవాళ దీపాలకు పెట్టే తోలు ల్యాంప్‌షేడ్లు, గోడ అలంకరణలే ఎక్కువ. నగరాల మేళాల్లో అమ్ముడుపోయేవి, ఓడెక్కి విదేశాలకు వెళ్లేవి అవే. వాటిని చేసేవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వారికి అన్నం పెడుతున్నవి అవే.

కానీ తోలుబొమ్మలాట అంటే తోలు ఒక్కటే కాదు. తెర వెనక నిలబడి ఒక చేత్తో బొమ్మ నడుమ కర్రను, మరో చేత్తో చేతుల పుల్లలను ఆడిస్తూ, రంగనాథ రామాయణం పద్యం ఎత్తుకుని, యుద్ధఘట్టం రాగానే కాలికింది చెక్కపలకను దద్దరిల్లేలా తొక్కాలి. హార్మోనియం, మద్దెల, తాళాలు దానికి కలవాలి. సీత గొంతు వేరు, రావణుడి గొంతు వేరు. మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊళ్లో సంగతుల మీద హాస్యమాడాలి. తెల్లవారే దాకా ఊరిని కూర్చోబెట్టగల ఈ విద్య పెట్టెలో సర్ది ఎగుమతి చేసేది కాదు. ప్రపంచ మార్కెట్ వస్తువును కొంటుంది, విద్యను కొనదు. జీఐ చట్టం కాపాడేదీ వస్తువునే. ఆ పద్యాలన్నీ నోటికొచ్చిన పెద్దాయన కన్నుమూస్తే, ఆయన వెంట ఆట కూడా వెళ్లిపోతుంది. జీఐ పత్రం మాత్రం భద్రంగా బీరువాలో ఉంటుంది.

సాయం అసలే లేదా అని అధికారులు అడగవచ్చు. ఉంది. వృద్ధ కళాకారులకు కేంద్రం ఇచ్చే పింఛను నెలకు గరిష్ఠంగా 6 వేల రూపాయలు. అది ముసలితనానికి ఆసరా. దానివల్ల ఒక్క శిష్యుడూ తయారుకాడు. గురుశిష్య పరంపర పేరుతో గ్రాంటూ ఉంది. అది సంస్థల ద్వారా అందుతుంది, ఏటేటా దరఖాస్తులు, కమిటీల మీద ఆధారపడుతుంది. కాగితాలు నింపడం తెలిసిన సంస్థ లేని ఊరికి అది చేరదు. వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని డబ్బును నమ్మి ఏ తండ్రీ కొడుకును పదేళ్ల విద్యకు పంపడు.

ఇక అవార్డులు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. ఆ డబ్బు ఏమైందంటూ ఆయన్నే నిలదీసినవారున్నారు. అడగాల్సింది ఆయన్ను కాదు. బిడ్డల పెళ్లిళ్లూ అప్పులూ ఉన్న ఇంట్లోకి ఒకేసారి వచ్చిన సొమ్ము ఆ అవసరాలకే పోతుంది. ఆ కోటితో పాటు నలుగురు కుర్రాళ్లను ఆయన దగ్గర కూర్చోబెట్టి, నేర్పినందుకు ఆయనకూ నేర్చుకున్నందుకు వారికీ నెల జీతం ఎందుకు కట్టలేదని ప్రభుత్వాన్ని అడగాలి.

జపాన్‌లో అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. బున్రాకుకు ఇచ్చే సాయంలో కోత పెడతామని 2012లో ఒసాకా మేయర్ హషిమొటో పట్టుబట్టారు. శిక్షణకు వచ్చే దరఖాస్తులూ ఈమధ్య తగ్గాయి. యునెస్కో పట్టిక వల్ల కొంత ప్రచారం, జీఐ వల్ల నకిలీల మీద కొంత అదుపు వస్తాయన్నదీ కాదనలేను. అయితే అవన్నీ 1972 తర్వాతి అడుగులు. మనం మొదటి అడుగు వేయకుండా చివరిదాని కోసం దరఖాస్తులు రాస్తున్నాం.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టం తెచ్చి, అంతరించే దశలో ఉన్న ప్రదర్శన కళలను గుర్తించాలి. గురువుకు జీతం, శిష్యుడికి భృతి బడ్జెట్‌లో శాశ్వత పద్దు కింద రావాలి. శిక్షణ గురువు ఉన్న ఊళ్లోనే జరగాలి, ఏ కులం పిల్లలకైనా, ఆడపిల్లలకైనా తలుపు తెరిచి ఉండాలి. నేర్చుకుని బయటికొచ్చినవారికి ఏడాదికి ఇన్ని ప్రదర్శనలని దేవాదాయ శాఖ, టీటీడీ, పాఠశాల విద్యాశాఖ ముందే హామీ ఇవ్వాలి. ఒకప్పుడు శివరాత్రికీ జాతరకూ గుడి ముందు తెర కట్టించింది ఊరే. ఇవాళ ఆ బాధ్యత ప్రభుత్వానిది.

ఒక అంతర్జాతీయ ఉత్సవానికి వేదిక, దీపాలు, అతిథుల విడిది అంటూ ఖర్చు చేసి, రాత్రంతా నడిచే కథను ఇరవై నిమిషాల్లో ముగించమని కళాకారుడికి చెప్పే పాలకులకు సంస్కృతి గురించి మాట్లాడే అర్హత లేదు. సమావేశాల్లో ‘సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ’ అంటూ ఉపన్యసించే సలహాదారులు ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి: మీ ప్రణాళికతో ఈ ఏడాది ఎంతమంది కొత్తవారు బొమ్మ పట్టడం నేర్చుకున్నారు? ఆ అంకె చెప్పలేని ప్రణాళిక కళను కాపాడేది కాదు, కళ పేరుతో పర్యాటకాన్ని అమ్ముకునేది. బున్రాకుకు 1972లో శిష్యులు దొరికారు, 2003లో ప్రపంచం దొరికింది. ఆ వరసను తిప్పి నడవాలనుకుంటే, రేపు యునెస్కో పత్రం చేతికొచ్చిన రోజున తెర వెనక నిలబడడానికి మనకు మనిషే ఉండడు. అందుకే వచ్చే బడ్జెట్‌లో ఉత్సవాల పద్దు కంటే ముందు శిష్యుల పద్దు రాయండి.