కట్టు విప్పిన తరువాత అడగవలసిన ప్రశ్న



మా నల్లమాడ ప్రాంతంలో చెయ్యి విరిగితే కొందరు పుత్తూరు కట్టుకు పోతారు, కొందరు ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకొంటారు. ఎముక అతికితే చాలు, గండం గడిచిందనుకొంటాము. అంత చిన్న దెబ్బకు అది ఎందుకు విరిగిందని మాత్రం అడగము.

కొన్నేండ్ల క్రితం మా సంఘంలో 60 దాటిన ఒక తల్లి బట్టలు ఉతికే బండ దగ్గర జారి మణికట్టు విరుచుకొన్నది. పరామర్శకు వెళ్లి, "వయసు మీద పడింది గదమ్మా" అని ఓదార్చి వచ్చాను. రెండేండ్లకు గడప తట్టుకొని పడితే తుంటి విరిగింది. ఆ తరువాత ఆమె తన కాళ్లపై మందిరానికి రాలేదు. ఆనాడు నేను చెప్పవలసిన మాట అది కాదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఎముకలు గుల్లబారే ఈ జబ్బును ఆస్టియోపోరోసిస్ అంటారు. చెదలు తిన్న దూలం పైకి బాగానే కనబడుతుంది. ఇదీ అంతే, విరిగేదాకా సాధారణంగా నొప్పి ఉండదు. స్త్రీలకు ముట్లు నిలిచిన తరువాత ఎముక త్వరగా పలచబడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 30-60 ఏండ్ల పేద స్త్రీలను పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితాలలో, నూటికి 29 మందికి తుంటి ఎముక మెడభాగం గుల్లబారి ఉన్నది. వారు తినే తిండిలో కాల్షియం రోజుకు సుమారు 270 మిల్లీగ్రాములే. కావలసినది 1000, ముట్లు నిలిచినవారికి 1200.

65 దాటిన స్త్రీలందరూ పరీక్ష సంగతి డాక్టరును అడగాలి. చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, ఎత్తు తగ్గి నడుము వంగినవారు, చిన్న వయసులోనే గర్భసంచితోపాటు అండాశయాలు తీయించుకొన్నవారు, ఉబ్బసానికో కీళ్లనొప్పులకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు అంతకు ముందే అడగాలి. అయితే ఆ మాత్రలను తమంతట తాము మానరాదు. బీడీ, సారాయి అలవాటున్న పురుషులకూ ఈ ముప్పు ఉన్నది.

బెంగళూరు వంటి పట్టణాలలో చేసే డెక్సా స్కాను ఎముక సాంద్రతను కొలుస్తుంది. నొప్పి ఉండదు. టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు తక్కువ గాని ఉంటే జబ్బు ఉన్నట్టు. శిబిరాలలో మడమకు చేసే పరీక్ష సూచన మాత్రమే. కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్, మూత్రపిండాల రక్తపరీక్షలు కూడ డాక్టరు వ్రాయవచ్చు. ఎండలో పనిచేస్తాము గనుక విటమిన్ డి లోపం మనకు ఉండదనుకోకండి. 2007లో ప్రచురితమైన తిరుపతి వైద్యుల పరిశోధనలో పల్లె స్త్రీలలో నూటికి 70 మందికి అది తక్కువగా ఉన్నది.

మన రాగిసంగటిని చులకన చేయవద్దు. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు తినండి, రోజూ నడవండి. కాని ఎముక గుల్లబారిన తరువాత తిండి ఒక్కటే చాలదు, మందు కావాలి. వారానికొకసారి వేసుకొనే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండ, ఏమీ తినకుండ ఉండాలి. లేకుంటే అన్నవాహిక పుండు కావచ్చు. ఏడాదికొకసారి వేసే ఇంజెక్షను కూడ ఉన్నది. ఏది తగినదో డాక్టరే చెప్పాలి.

ఇంట్లో ముసలివారు నడిచే దారిలో రాత్రి దీపం ఉంచండి. స్నానాలగదిలో పాచి కడగండి. ఎవరికైనా ఎముక విరిగితే కట్టు విప్పిన రోజున, "ఇంత చిన్న దెబ్బకు ఎందుకు విరిగింది డాక్టరుగారూ?" అని అడగండి. ఆ తల్లి విషయంలో నేను అడగలేకపోయిన ప్రశ్న అదే.