కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందా?

మా గోదావరి జిల్లాల్లో భుజం నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకొచ్చినవాళ్ళని ఏం చేశారని అడగండి, "కరెంటు పెట్టారు" అంటారు. కానీ జెల్ రాసి, గుండ్రటి లోహపు తలతో రుద్దుతారే, అది కరెంటు కాదండీ, శబ్దం. మన చెవి సెకనుకి 20 వేల కంపనాల దాకానే వింటుంది. ఆ మిషన్ 10 లక్షలో, 30 లక్షలో పంపుతుంది. అదే అల్ట్రాసౌండ్.

శబ్దం లోపలికి దిగుతూ కొంత అక్కడే ఇంకి వేడిగా మారుతుంది. కొవ్వులో తక్కువ ఇంకుతుంది, కండలో అంతకన్నా ఎక్కువ, ఎముకలో మరీ ఎక్కువ. అందుకే తలని ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉంటారు. 10 లక్షలది లోతుకి వెళ్తుంది, 30 లక్షలది పైపైనే ఆగుతుంది. జెల్ లేకపోతే మధ్యలో ఉన్న గాలికి తగిలి శబ్దం వెనక్కి తిరిగిపోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. నా పేచీ ఆ వెచ్చదనాన్నే పూర్తి వైద్యం అనుకోవడంతో. 2001లో రాబర్ట్‌సన్, బేకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ చికిత్స మీద జరిగిన 35 పరీక్షలని జల్లెడ పట్టారు. పద్ధతిగా చేసినవి 10 తేలాయి. వాటిలో ఎనిమిదింట్లో అసలు మిషన్ ఉత్తుత్తి మిషన్‌ని మించలేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి దీన్ని వాడొద్దనే చెప్పింది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళని చూడండి. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డని లాగుతూనే ఉంటారు. ఒక్కో రేకుకీ అదే చెయ్యి, అదే భుజం. పది నిమిషాల వెచ్చదనం తర్వాత మళ్ళీ కుండ దగ్గరే కూర్చుంటే ఆ కండకి తెరిపేది?

మన ఇళ్ళల్లోనూ అంతే. మా అత్తయ్యగారిని "కరెంటు"కి బండి మీద దింపడానికి ఇంట్లో అందరూ సిద్ధమే. గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం గుర్తుచేయడానికీ, అటక మీది డబ్బాలు దించి ఆవిడకి అందేలా పెట్టడానికీ మాత్రం ఎవరికీ తీరదు. ఆడవాళ్ళ నొప్పికి డబ్బు కట్టడం సులువు, పని పంచుకోవడమే కష్టం!

మిషన్ మానేయమనను. హాయిగా ఉంటే పెట్టించుకోండి. గర్భిణులూ, క్యాన్సర్ ఉన్నవాళ్ళూ ఆ సంగతి ముందే చెప్పాలి. లేచొచ్చేటప్పుడు మాత్రం "ఇంట్లో నేనేం వ్యాయామం చెయ్యాలి, ఏ పని ఆపాలి?" అని అడగండి. ఆ జవాబు ఇంటికొచ్చి అందరూ వినేలా చెప్పండి.