గిడ్డంగిలో చక్రాల మంచె

ఈ మాసమున మేము వ్రాయబూనినది విత్తనమునుగూర్చి కాదు, ఎరువునుగూర్చియు కాదు. ఆ విత్తనమును ఆ ఎరువును సంఘపు గిడ్డంగిలో దొంతరమీదినుండి దింపి మన బండిలో వేయు మనుష్యునిగూర్చి. అతనిని కొన్ని తావుల ముఠాకూలి యందురు, కొన్ని తావుల హమాలీ యందురు. సంఘపు మహాజనసభలో అప్పుల మాట వచ్చును, వడ్డీ మాట వచ్చును, లాభముల పంపకపు మాట వచ్చును. దొంతర యెక్కువాని మాట వచ్చుట మేమింతవరకు వినలేదు. పంటపనులు చూపి చెప్పువారికి గిడ్డంగి వ్యవహారమేల యని కొందరనవచ్చును. ఎరువు వేయవలసిన దినమున అది పొలము చేరకున్న మేము చెప్పు సేద్యమంతయు కాగితముమీదనే నిలిచిపోవును. కావున నిది మా పనియే యని తలచుచున్నాము.

నాట్లు ముమ్మరముగా నున్న యొకనాటి యుదయమున మేమొక సంఘపు గిడ్డంగివద్ద నుంటిమి. ఆ సంఘము పేరు వ్రాయము. ఇట్టిది ఏ సంఘములోనైనను జరుగదగినదే. వాకిట ట్రాక్టర్లు, ఆటోలు, రెండు ఎడ్లబండ్లు. గుమాస్తా బల్లమీద వేలిముద్ర యంత్రము. ఎరువుల విక్రయమునకు ఈ యంత్రములు 2018 నాటికి దేశమంతట వచ్చినవి గదా. వ్రేలు పెట్టుట, బిల్లు వచ్చుట, రెండు నిమిషముల పని. ఆ బిల్లు చేతబట్టుకొని రైతు గిడ్డంగి గుమ్మమువద్ద నిలువవలసినది మాత్రము అరగంట. లోపల పనిచేయువారు ఇద్దరే. ఒక్కొక్క చీటీకి రెండుమూడు బస్తాల యూరియా, ఒకటి డి.ఏ.పి., ఒక విత్తనపు బస్తా. యూరియా గుమ్మమున కెదురుగా పండ్రెండు వరుసల యెత్తున నున్నది. డి.ఏ.పి. ఎడమ మూలను, విత్తనము యూరియాకు వెనుకను. ఒకడు బస్తాల సందులలో కాలివ్రేళ్లు దూర్చి దొంతరమీదికి ప్రాకి, పైబస్తాను క్రిందికి త్రోయును. క్రిందివాడు తప్పుకొని, అది నేలబడిన పిదప వంగి యెత్తి భుజమున కెక్కించుకొనును. పైవాడు దిగి వేరొక దొంతర కేగును. మరల ప్రాకును.

ఏడవ చీటీ వచ్చువేళకు పైవాని కాలిక్రింది బస్తా జారెను. బస్తాతోకూడ అతడును నేలబడెను. చీలమండ విరిగినది. కోతలవరకు బరువెత్తరాదని వైద్యుడు చెప్పెనట. బరువెత్తనినాడు కూలి లేదు.

“అతని ప్రాప్తము” అని గుమాస్తా యనెను. “అతడు మేస్త్రి మనిషి, సంఘపు మనిషి కాడు” అని పాలకవర్గములో నొకరనిరి. ఈ రెండు మాటలకును మేము సమ్మతింపజాలము. సంఘపు కప్పుక్రింద, సంఘపు బస్తాకొఱకు, సంఘసభ్యుని చీటీ పట్టుకొని యెక్కినవాడు సంఘపు మనిషి కాకున్న మరియెవరి మనిషి? పనిలో గాయపడిన కూలివానికి పరిహార మిచ్చుట యజమాని బాధ్యతయని మన దేశమున 1923లోనే చట్టము చేసిరి. మేస్త్రి పేరు నడుమ పెట్టి తప్పించుకొన జూచుట సహకారమను మాటకు తగదు.

ఇక ప్రాప్తము సంగతి. పూర్వము ఎరువైనను ధాన్యమైనను గోనెసంచిలో వచ్చెడిది. జనుపనార నేత గరుకైనది; సంచిని సంచి పట్టుకొనును, పాదమునకును పట్టు దొరకును. ఇప్పుడు ఎరువు వచ్చునది ప్లాస్టిక్కుతో నేసిన సంచిలో. యూరియా గాలిలోని చెమ్మను పీల్చి గడ్డకట్టు స్వభావము గలది గనుక ఆ సంచి మేలైనదే. కాని నున్ననిది. దానిపై నాలుగు యూరియా గుళికలు రాలినచో ఆవాలమీద కాలుపెట్టినట్లే యుండును. 2018 నుండి యూరియా బస్తా 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గినది. బరువు తగ్గినది గాని జారుడు తగ్గలేదు. గోనెసంచులనాటి యలవాటుతో ప్లాస్టిక్కు సంచుల దొంతర నెక్కుచున్నాము. కాలు జారుటకు మూలమిది.

ఎక్కుటకు వెఱచి క్రిందివరుసలోని బస్తాను కొక్కెముతో లాగువారును గలరు. ఇది ఎక్కుటకంటె చెడ్డది. గోడ యడుగున ఇటుక నూడదీసినట్లు పైవరుసలన్నియు ముందునకు వ్రాలును. అప్పుడు క్రిందనున్నవాని మీద పడునది ఒక బస్తా కాదు. మరియు కొక్కెము ప్లాస్టిక్కు సంచిని చించును. చినిగిన బస్తా తూకము తగ్గి ఎవరో యొక రైతునకు పోవును. ఆ నష్టము ఏ లెక్కపుస్తకములోను కనబడదు.

ఇందుకు ఉపాయము మన చేలలోనే యున్నది. పిట్టలను తోలుటకు జొన్నదంటు నెక్కువాడెవడును లేడు, మంచె వేసికొనును. గిడ్డంగికిని మంచె కావలెను. ఒకచోట పాతినది కాక, దొంతరనుండి దొంతరకు త్రోసికొనిపోవుటకు చక్రములు గలదై యుండవలెను. పట్టణములలో మందుల గిడ్డంగులలోను, యంత్రపు విడిభాగముల గిడ్డంగులలోను, చీటీ ప్రకారము సరకు ఏరి తెచ్చుట కిట్టి చక్రపు మెట్లబల్లలు వాడుదురు. మనిషిని నిలిపి విద్యుచ్ఛక్తితో పైకెత్తు యంత్రములును కలవు. అవి చదునైన గచ్చులకును, చాల యెత్తైన అరలకును తగినవి. పదియెనిమిదడుగుల గోడలు, పగిలిన గచ్చు గల మన గిడ్డంగికి అట్టి యంత్రమును కొని మూలను పడవేయుమని మేము చెప్పబోము. ఊరి వెల్డింగు పనివాడు ఉక్కు గొట్టములతో చేయగల మంచె మనకు చాలును.

దాని కొలతలు వివరముగా వ్రాయుచున్నాము. నిలుచు బల్ల నేలకు ఐదడుగుల యెత్తున నుండవలెను. పండ్రెండు వరుసల దొంతర ఇంచుమించు ఎనిమిదడుగులు వచ్చును గావున, బల్లమీద నిలిచినవానికి పైబస్తా నడుమునకును రొమ్మునకును మధ్య నందును. చేతులు చాచి తలమీదినుండి లాగుకొన బనిలేదు. క్రింది పీఠము రెండున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. అమెరికా దేశపు కార్మికభద్రతా నిబంధనలలో, వేరు ఊతము లేనియెడల, ఇట్టి మెట్లబల్ల యెత్తు పీఠపు చిన్నకొలతకు నాలుగింతలు మించరాదని యున్నది. మన గచ్చులు మిట్టపల్లములుగా నుండును గనుక మేము రెండింతలే చాలునందుము. పైకొలత అట్లే వేసినది. మెట్టు వెడల్పు పదునారంగుళములకు తగ్గరాదు. ఉద్దేశించిన బరువునకు నాలుగింతలు మోయునట్లు చేయవలెనని ఆ నిబంధనలు చెప్పును: మనిషి 70 కిలోలు, బస్తా 50 కిలోలు, వెరసి 120, కావున 480 కిలోల కోర్చునట్లు చేయించి, మనిషి నెక్కింపకముందు బస్తాలే పేర్చి పరీక్షింపుడు. బల్లచుట్టు మూడున్నర అడుగుల కమ్మి. దొంతరవైపు మాత్రము బస్తా వచ్చునంత సందు విడిచి, దాని కొక గొలుసు తగిలింపవలెను.

చక్రములే మిక్కిలి ముఖ్యము. మనిషి బరువు పడగానే స్ప్రింగు అణగి, చక్రములు పైకి జరిగి, మంచె కాళ్లు నేలను పట్టునట్టి పద్ధతి యొకటి కలదు. అది యన్నిటికంటె మంచిది. అది కుదరనిచో నాలుగు చక్రములకును కాలితో త్రొక్కు బిగింపు లుండవలెను. మనిషి పైనుండగా మంచెను జరుపరాదు. దిగి యెక్కుట కాలహరణమని తోచును గాని, పడినవాని నాసుపత్రికి చేర్చుట యెంత కాలహరణమో మేము చూచితిమి.

బస్తాను మోసికొని మెట్లు దిగుటయు కూడదు. దిగువాని చేతులు రెండును కమ్మి పట్టుకొనుటకు ఖాళీగా నుండవలెను. మెట్లకు ఎదురు కొసను, ఇరుప్రక్కల అంచులు గల నున్నని పలక నొకదానిని వాలుగా తగిలించి, దాని క్రిందికొసను నడుమెత్తు బల్లపై ఆనించినచో, పైవాడు బస్తాను పలకమీదికి త్రిప్పును, అది జారి క్రిందివాని నడుమెత్తున ఆగును. ప్లాస్టిక్కు సంచి జారుడుగుణ మిక్కడ మనకే యుపకరించును. క్రిందివాడు నేలకు వంగి బరువెత్తుట తప్పును. నడుమునొప్పితో నలువదవ యేటనే పని మానిన ముఠావా రెందరో ఆలోచించుకొనుడు.

కాలము సంగతికి వత్తము. పెద్ద గిడ్డంగులను నడపువారి లెక్కలో, చీటీ సరకు ఏరి తెచ్చు పనిలో ఇంచుమించు సగము కాలము నడకకే పోవును. మన గిడ్డంగి చిన్నది; కాని నడకకు ప్రాకుట తోడైనది. కావున మంచె వచ్చినంతమాత్రమున చాలదు. ఎక్కువగా పోవు యూరియాను గుమ్మమునకు దగ్గరగా, ఎనిమిది వరుసలకు మించకుండ, ఇటుకలు పేర్చినట్లు అడ్డదిడ్డముగా అల్లి పేర్చవలెను. దొంతరకును దొంతరకును నడుమ మంచె దూరునంత త్రోవ విడువవలెను. చీటీ కొకమారు గాక, నాలుగైదు చీటీల డి.ఏ.పి. బస్తాలు ఒక్కమారే దింపి, గుమ్మమువద్ద చీటీల ప్రకారము పంచవలెను. గుమాస్తా వరుసగా చీటీలు పంపుటకు మారుగా కొన్నిటిని కూర్చి పంపిన నిది యగును. ముందు వచ్చినవాని చీటీ వెనుకబడెనని తగవులు పుట్టునని గుమాస్తాలు వెఱతురు. ఆ తగవు మేమెరుగనిది కాదు; మొదటి దినమున పుట్టును, నాలుగవ దినమున అందరికిని త్వరగా వచ్చుచున్నదని తెలిసి అణగును.

విత్తనమునకును దీనివలన మేలు గలదు. వరివిత్తనమునకు నూటికి ఎనుబదికి తగ్గని మొలక యుండవలెనని నియమము, ధ్రువీకరణకు గడువును గలదు. త్రోవ లేని గిడ్డంగిలో క్రొత్తబస్తాలు ముందు పడి, పాతవి వెనుకనే యుండిపోవును. చేతి కందునది ముందు పోవుట మనుష్యస్వభావము. పాతబస్తా చేతికందునట్లు చేయుట మన పని.

మా తండ్రులు నూరుకిలోల బస్తాలు మోసిరి, ఈ మంచెలేల యని పెద్ద లొకరు మాతో వాదించిరి. మోసిరి. వారి మోకాళ్ల నడుగుడు. 1967లో అంతర్జాతీయ కార్మికసంస్థవారు మగవాడు మోయుబరువు 55 కిలోలు మించరాదని సిఫారసు చేసిరి. దానితోడి ఒడంబడికను మన దేశము 2010లో అంగీకరించినది. ఇంతకంటె బరువైన ఆక్షేపణ ముఠావారిది. మంచె వచ్చి పని తేలికయైనచో బస్తాకు ఇచ్చు కూలి తగ్గింతురేమో యని వారి భయము. ఈ భయము నిరాధారము కాదు. కావున మంచె చేయించు తీర్మానములోనే బస్తాకూలి తగ్గింపబడదని వ్రాయవలెను. వ్రాయనిచో మంచె గిడ్డంగి వెనుక తుప్పుపట్టును, ముఠావారు మునుపటివలె ప్రాకుదురు. తప్పు వారిది కాదు.

మేము చదివిన మిషను పాఠశాలలో ద్వితీయోపదేశకాండమునుండి యొక విధిని నేర్పిరి: క్రొత్త యిల్లు కట్టువాడు, ఎవడైన పడి ఆ దోషము తన యింటికి రాకుండ, కప్పునకు పిట్టగోడ పెట్టవలెనని. చిన్ననాడు మాకది వింతగా తోచెను. ఇంతింత ఆజ్ఞల నడుమ పిట్టగోడ యేల? ఆ యుదయము గిడ్డంగిలో నిలుచున్నప్పుడు తెలిసినది. అందులో పడినవాని యజాగ్రత్త మాట లేదు. కట్టినవాని బాధ్యత మాటయే కలదు.

ఈ వ్యాసమునకు పూర్వము ఆ చీలమండ విరిగినవానిని చూడబోయితిమి. కాలు బల్లమీద చాపుకొని, సంఘమువారి చినిగిన సంచులు కుట్టుచుండెను. మా కాగితముమీది మంచెను చూపితిమి. చాలసేపు చూచి, “అయ్యా, పలకవైపు కమ్మి జానెడు వెనక్కి పెట్టించండి. బస్తా తిప్పేటప్పుడు మోచెయ్యి కొట్టుకుంటది” అనెను. ఇది మా కొలతలలో లేదు. చేయించువారు చేర్చుకొనవలెను.