అడుగని వాని పక్షము

లినక్స్ కెర్నెల్‌ను సోర్సు నుండి స్వయముగా నిర్మించుకొనదలచిన వానిని ఆ వ్యవస్థ ముందుగా ప్రశ్నలడుగును: ఈ డ్రైవరు కావలయునా, ఈ ఫైల్ సిస్టము కావలయునా, ఈ రక్షణోపాయము కావలయునా అని. వానిలో అనేకములకు ‘ఔను’, ‘వలదు’, ‘మాడ్యూలుగా వేరుంచుము’ అను మూడు ప్రత్యుత్తరములు చెల్లును. ఇట్టి ప్రశ్నలు నేడు పదివేలకు మించినవి. అన్నిటిని చదివి తర్కించు తీరిక ఎవనికిని లేదు గనుక, ప్రతి ప్రశ్నకును డీఫాల్టు అను సిద్ధసమాధానము ఏర్పరుపబడియుండును. మనము మౌనము వహించినచో అదియే మన సమ్మతి. దానిని నిర్ణయించువాడు తన యంత్రమును గాక, ఆ ప్రశ్నను జన్మలో ఒకపరియైనను చూడబోని వాని యంత్రమును మనస్సున నుంచుకొనవలయునని నా దృఢాభిప్రాయము. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో నడచునదియు ఈ కెర్నెలే. దాని ఎంపికలను మనలో ఎవరు చూచితిమి?

హెచ్‌జెడ్ అను సంఖ్య చరిత్ర ఈ సందర్భమున మిక్కిలి బోధకము. గడియారము సెకనుకు ఎన్నిమారులు కెర్నెలును మేల్కొలుపవలయునో అది నిర్ణయించును. సామాన్యమైన పీసీలపై చిరకాలము 100గా నుండిన ఈ సంఖ్యను 2003 డిసెంబరులో వెలువడిన 2.6 సంచికలో 1000కి పెంచిరి. కాలగణనము సూక్ష్మమయ్యెను, కార్యక్రమములు చురుకుగా స్పందించెను. కాని ఏ పనియు లేక ఊరకున్న ల్యాప్‌టాపు సైతము సెకనుకు వేయిమారులు మేల్కొనవలసి వచ్చుటచే బ్యాటరీ వ్యర్థముగా వ్యయమయ్యెను. 2005లో 2.6.13 సంచిక 250ని డీఫాల్టు గావించి, తక్కిన సంఖ్యలను కోరినవారి ఇష్టమునకు విడిచెను. రెండేండ్లు గడచులోపల, విరామవేళ గడియారపు ఆ మేల్కొలుపునే నిలిపివేయు ఉపాయము కెర్నెలున చేరి, బ్యాటరీ వాదము బలహీనపడెను. అయినను 250 చిరకాలము స్థానభ్రంశము లేక నిలిచెను. హేతువు సడలినను నిర్ణయము సడలలేదు.

క్రొత్త సౌకర్యమునకు డీఫాల్టు ‘వలదు’ అనియే యుండవలయునని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పలుమారులు నొక్కి చెప్పియున్నాడు. అది సముచితము, తాను వ్రాసిన డ్రైవరు లోకమునకెల్ల అవసరమని తలచుట ప్రతి రచయితకును సహజమైన మమకారము. కాని రక్షణ విషయమున ఈ నియమము తలక్రిందులు కావలయును. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అను రక్షణలోపము బయల్పడినప్పుడు, పేజీ పట్టికలను వేరుచేయు చికిత్స కొన్ని పనులను మందగింపజేయునని తెలిసియు దానిని డీఫాల్టుగా ‘ఔను’ చేసిరి. అది ధర్మమైన నిర్ణయము. కెర్నెలు లోపల చిన్న కార్యక్రమములను నడుపనిచ్చు బీపీఎఫ్ అను ద్వారమును సామాన్య వినియోగదారునికి డీఫాల్టుగా మూసియుంచుట మాత్రము 2022లో వెలువడిన 5.16 సంచిక వరకు జరుగలేదు. అంతవరకును, ఆ ద్వారమున్నదనియే ఎరుగని వారికి సైతము అది తెరచియుండుట నాకు సమ్మతము కాదు.

డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలవారు తమ ఎంపికలు తామే చేసికొందురు గదా యని కొందరందురు. నిజమే, కాని వారును మనుష్యులే, ప్రతి సంచికతోను వచ్చు క్రొత్త ప్రశ్నలన్నిటిని సమానశ్రద్ధతో పరీక్షింపలేరు. అనేక ప్రశ్నల సహాయపాఠము చివర ‘సందేహమున్నచో వలదనుము’ అని మాత్రము కనబడును. ఆ సలహా చాలదు. ఈ సమాధానమును ఏ హేతువుచే ఎన్నుకొంటిరి, ఎట్టి పరిస్థితి మారినచో దీనిని పునఃపరిశీలింపవలయును అను రెండు వాక్యములు దానితో జేరవలయును. అవి లేని క్రొత్త డీఫాల్టును సంరక్షకులు స్వీకరింపక రచయితకు మరలింపవలయును.