పాలస్తీనా: మరల వాయిదాయే

2025 అక్టోబరు 10వ తేదీన గాజాలో యుద్ధవిరామము అమలునకు వచ్చెను. బందీలు తమ యిండ్లకు చేరిరి. చెరలలోని పాలస్తీనీయులు పెక్కుమంది విడుదలైరి. ఇందుకు సంతోషింపని మనుష్యుడుండడు. అటు పిమ్మటను అచట ప్రాణములు పోవుచునే యుండెను గాన, విరామమను మాట కొంత ఉదారముగనే వాడబడినది.

కాని విరామము వేఱు, సంధి వేఱు. 1993 సెప్టెంబరు 13వ తేదీన వాషింగ్టనులో రబీను, అరాఫతు కరచాలనము చేసికొనగా లోకమెల్ల మురిసెను. ఆ యొడంబడికలో నున్నదేమి? ఐదేండ్ల మధ్యంతర పరిపాలన. జెరూసలేము ఎవరిది, శరణార్థుల గతి యేమి, యూదుల క్రొత్త వలసల మాటేమి, సరిహద్దు ఎక్కడ? వీనిని పిదప చూచుకొందమనిరి. వ్యాజ్యమంతయు వీనిలోనే యున్నది గదా! పొలము తగవు తీర్పక గట్టుమీది చెట్టుకాయలను పంచినట్లయ్యెను.

వాయిదా ఇరువురకును సమానము గాదు. భూమి యెవని చేతిలో నున్నదో కాలము వాని పక్షముననే పనిచేయును. నాడు జోర్డాను పడమటి గట్టున, తూర్పు జెరూసలేము గాక, యూదు వలసవారు లక్షకు పైచిలుకు; నేడు ఐదు లక్షలు దాటిరి. ప్రతి వలసకు నొక బాట, బాటకొక కావలి. రైతు ఇవతల, వాని ఆలివు తోట అవతల. సంధివలన ఏమియు రాదని బోధించువారికి ఇంతకంటె సాక్ష్యమేల? బస్సులలో బాంబులు ప్రేలినవి. 1994లో హెబ్రోను మసీదున ప్రార్థనలో నున్న 29 మందిని యూదు తీవ్రవాది యొకడు కాల్చి చంపెను. 1995లో రబీనును గూల్చినవాడును స్వజాతీయుడే. తుదకు 2023 అక్టోబరు 7న హమాసు దాడిలో సుమారు 1,200 మంది హతులైరి. ప్రతిగా సాగిన యుద్ధమున గాజాలో 60,000కు మించిన ప్రాణములు పోయినవని అచటి ఆరోగ్యశాఖ లెక్క. శవములను లెక్కించి ఎవరి నేరము తక్కువయని వాదించువారితో మాకు పనిలేదు.

1947లో ఐక్యరాజ్యసమితి విచారణసంఘమునందు భారత ప్రతినిధి విభజన వలదనియు, సమాఖ్యయే మేలనియు ఇరాను, యుగోస్లావియాలతో గూడి సూచించెను. అది సాగలేదు. నేడు లోకము రెండు రాజ్యముల మాటయే చెప్పుచున్నది. మన దేశము 1988లోను, బ్రిటను, ఫ్రాన్సులు 2025లోను పాలస్తీనాను గుర్తించినవి. ఎల్లలు తేలని రాజ్యమును గుర్తించుట చిరునామా లేని యింటికి జాబు వ్రాయుట వంటిది. జోర్డానుకు పడమట అట్టి రాజ్యమే కూడదని 2024 జులైలో ఇజ్రాయేలు శాసనసభ తీర్మానించెను.

2025 నవంబరు 17న భద్రతామండలి యంగీకరించిన ప్రణాళికను చదువుడు. గాజాకు శాంతిమండలి, అంతర్జాతీయ సైన్యము, నిర్మాణపు ధనము, అన్నియు నున్నవి. పాలస్తీనీయుల స్వరాజ్యమునకు మాత్రము షరతులు తీరిన పిమ్మట మార్గ మేర్పడవచ్చునట! ఇది 1993 నాటి పాఠమే.

2002లో బేరూతున అరబ్బు రాజ్యములు వేఱు క్రమమును చూపినవి: 1967కు ముందటి గీతకు ఇజ్రాయేలు మరలుట, అరబ్బులందఱును దానిని గుర్తించుట. అందు సరిహద్దే మొదటిది. సంధి కోరువారు ముందుగా వలసల నిర్మాణము నాపించి, ఆ గీతపై బేరము మొదలిడవలెను. ఇజ్రాయేలు పౌరుని భద్రతయు ఆ గీతకు ఇరువైపుల కావలితోనే కుదురవలెను గాని పరుని తోటలో పాతిన కంచెతో కుదురదు.